ఎఫ్‌సింక్ సెకన్ల తరబడి ఆగుతుంటే: లినక్స్ రైట్‌బ్యాక్‌ను ట్రేస్ చేసే పద్ధతి

మీరు చెప్పిన పరిస్థితి ఇది: 64 జీబీ మెమరీ ఉన్న సర్వర్, 7200 ఆర్‌పీఎం డిస్క్ ఒకటి, దానిపై ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్. చిన్న చిన్న రికార్డుల్ని ఫైల్ చివర చేర్చి, ప్రతిసారీ ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్క్‌కి చేరేదాకా ఆగే కాల్) చేసే సర్వీసు ఒకటి నడుస్తోంది. బ్యాకప్ కాపీ మొదలైన కాసేపటికి ఆ ఎఫ్‌సింక్ 3, 4 సెకన్లు తీసుకుంటోంది. అప్పుడప్పుడూ మామూలు రైట్ కూడా ఆగుతోంది. డిస్క్‌కి వెళ్లే పనుల్ని చూపే బ్లాక్‌ట్రేస్‌లో చూస్తే రాసేదంతా కేవర్కర్ (కెర్నల్ సొంత థ్రెడ్) పేరు మీదే ఉంది. డర్టీ రేషియో (డిస్క్‌కి ఇంకా వెళ్లని డేటా మెమరీలో ఎంత ఉండొచ్చో చెప్పే శాతం) తగ్గించాలా, బ్యాకప్‌కి ఐఓనైస్ (డిస్క్ ప్రయారిటీ తగ్గించే కమాండ్) పెట్టాలా అని అడిగారు.

రెండూ ఇప్పుడే వద్దు. ఐఓనైస్ వల్ల అయితే ఫలితం దాదాపు ఉండదు. కాపీ ప్రోగ్రామ్ రైట్ పిలిచినప్పుడు డేటా పేజ్ క్యాష్‌లోకి (ఫైళ్ల డేటా ఉంచే మెమరీలోకి) చేరి, ఆ పేజీకి డర్టీ, అంటే ఇంకా డిస్క్‌కి వెళ్లలేదు అని గుర్తు పడుతుంది. అంతటితో దాని పని సరి. తర్వాత తీరిగ్గా డిస్క్‌కి పంపేది (రైట్‌బ్యాక్ అంటే ఇదే) కెర్నల్ ఫ్లషర్, అంటే మీకు కనబడుతున్న ఆ కేవర్కర్. మీరు ప్రయారిటీ తగ్గించేది కాపీకి, డిస్క్ దగ్గర క్యూ కట్టేది ఫ్లషర్. ప్రోగ్రాముల వారీగా డిస్క్ వాడకం చూపే ఐఓటాప్ చూసేవాళ్లు తికమకపడేదీ ఇక్కడే: అందులో ప్రోగ్రామ్ పక్కన ఉండే రైట్ అంకె పేజీ డర్టీ అయిన క్షణంలో లెక్కకెక్కుతుంది, పైన ఉండే ‘యాక్చువల్’ అంకె నిజంగా డిస్క్‌కి వెళ్లినది. రెండూ ఒకే సమయంలో కలవాలన్న నియమం లేదు.

కాబట్టి ట్రేస్ చేసి తేల్చాల్సినవి వేరు. పేజీల్ని డర్టీ చేస్తున్నది ఎవరు? ఫ్లషర్ ఏ కారణంతో లేచింది? మీ సర్వీసు సరిగ్గా ఎక్కడ నిద్రపోతోంది: డర్టీ పరిమితి దగ్గరా, జర్నల్ (ఫైల్ సిస్టమ్ తన మార్పుల్ని ముందుగా రాసుకునే లాగ్) దగ్గరా, డిస్క్ క్యూలోనా? బయటికి ఈ మూడూ ఒకేలా కనబడతాయి, మందు మాత్రం మూడింటికీ వేరు.

ముందు అంకెలు

ట్రేస్‌లో కనబడే సంఖ్యలు అర్థం కావాలంటే పరిమితులు ఎలా లెక్కిస్తారో తెలియాలి. డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_రేషియో డిఫాల్ట్ 10, డర్టీ_రేషియో 20. ఈ శాతాలు మొత్తం 64 జీబీ మీద కాదు. ఖాళీ మెమరీ, ఫైల్ క్యాష్ కలిపితే వచ్చే దాని మీద. మీ సర్వీసు, ఇతర ప్రోగ్రాములు 24 జీబీ పట్టుకుని ఉన్నాయనుకుంటే మిగిలే 40 జీబీ మీద లెక్క. అప్పుడు 4 జీబీ దాటగానే ఫ్లషర్ వెనకాల రాయడం మొదలుపెడుతుంది, 8 జీబీ దగ్గర గోడ. కానీ రాసేవాళ్లకు బ్రేకులు పడేది 8 దగ్గర కాదు. ఈ రెంటికీ సరిగ్గా మధ్యన, అంటే 6 జీబీ దాటినప్పటి నుంచే కొద్దికొద్దిగా ఆపడం మొదలవుతుంది. ఆ 6కీ 8కీ మధ్య ఉన్న 7 జీబీ దగ్గర డర్టీ మొత్తాన్ని నిలకడగా ఉంచాలని కెర్నల్ ప్రయత్నిస్తుంది. ట్రేస్‌లో సెట్‌పాయింట్ అని వచ్చేది ఇదే. 4 కేబీ పేజీల్లో చెప్పాలంటే 8 జీబీ 2097152 పేజీలు, 7 జీబీ 1835008 పేజీలు.

డిస్క్ వరసగా రాస్తే సెకనుకు 120 ఎంబీ అనుకుందాం. 8 జీబీ ఖాళీ కావడానికి నిమిషం పైనే, సుమారు 68 సెకన్లు. మధ్యలో వేరేచోట చిన్న రైట్‌లు కలిస్తే హెడ్ అటూ ఇటూ తిరిగి ఇంకా ఎక్కువ. మెమరీ పెరుగుతూ పోయి డిస్క్ వేగం అక్కడే ఆగిన యంత్రాల్లో శాతాల లెక్క సరిపోదన్నది ఇక్కడే తెలుస్తుంది.

సమయం లెక్క వేరే ఉంది. డర్టీ_రైట్‌బ్యాక్_సెంటిసెక్స్ 500, అంటే 5 సెకన్లకోసారి ఫ్లషర్ లేచి చూస్తుంది. డర్టీ_ఎక్స్‌పైర్_సెంటిసెక్స్ 3000, అంటే 30 సెకన్ల పాతబడ్డ వాటిని రాస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది: వయసు లెక్క పేజీకి కాదు, ఐనోడ్‌కి, అంటే ఫైల్‌కి. ఫైల్ మొదటిసారి డర్టీ అయి 30 సెకన్లు దాటితే, క్షణం క్రితమే చేరిన పేజీలతో సహా అన్నీ రైట్‌కి అర్హమవుతాయి. పెద్ద ఫైల్ పెరుగుతూ ఉన్నప్పుడు 30, 35 సెకన్లకోసారి డిస్క్ ఒక్కసారిగా బిజీ అవడం మీరు చూస్తే దానికి కారణం ఇదే కావచ్చు.

ప్రస్తుత పరిస్థితిని /ప్రాక్/వీఎంస్టాట్‌లో ఎన్ఆర్_డర్టీ, ఎన్ఆర్_రైట్‌బ్యాక్, ఎన్ఆర్_డర్టీ_థ్రెషోల్డ్, ఎన్ఆర్_డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_థ్రెషోల్డ్ చెబుతాయి. డిస్క్ వారీగా కావాలంటే /సిస్/కెర్నల్/డీబగ్/బీడీఐ/8:0/స్టాట్స్ చూడండి (బీడీఐ అంటే కెర్నల్ డిస్క్ వారీగా పెట్టుకునే రైట్‌బ్యాక్ లెక్క, 8:0 డిస్క్ నంబర్). ఆ డిస్క్ రైట్ వేగాన్ని కెర్నల్ ఎంతగా అంచనా వేసుకుందో కూడా అందులో ఉంటుంది. ట్రేసింగ్‌కి ముందు ఈ రెండు ఫైళ్లనూ సెకనుకోసారి కాపీ తీసి పెట్టుకోండి. తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తాయి. (ఫైళ్లు, ఈవెంట్ల పేర్లన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు వాటి ఇంగ్లీషు స్పెల్లింగే కొట్టాలి.)

ట్రేసింగ్ పెట్టే ముందు

కెర్నల్ ఈవెంట్లను ఫైళ్లుగా చూపే ట్రేస్‌ఎఫ్‌ఎస్ /సిస్/కెర్నల్/ట్రేసింగ్‌లో ఉంటుంది. ఈవెంట్స్ ఫోల్డర్‌లో రైట్‌బ్యాక్, జేబీడీ2 (ఈఎక్స్‌టీ4 జర్నల్‌ను నడిపే భాగం), ఈఎక్స్‌టీ4, బ్లాక్ అనే నాలుగు గుంపులు మనకు కావాలి. నాలుగింటినీ ఒక్కసారిగా ఆన్ చేసేయడం చాలామంది చేసే పని. అలా చేస్తే చేతికొచ్చేది చెత్త. పేజీ డర్టీ అయినప్పుడు వచ్చే రైట్‌బ్యాక్_డర్టీ_ఫోలియో అనే ఈవెంట్ ఒక్కటే చూడండి: పాత కెర్నల్‌లో దీని పేరు రైట్‌బ్యాక్_డర్టీ_పేజ్. కాపీ సెకనుకు 1 జీబీ వేగంతో క్యాష్‌లోకి నింపుతుంటే సెకనుకు 2,62,144 ఈవెంట్లు. ఒక్కోటి 60 బైట్ల దరిదాపులు. ప్రతి సీపీయూకి డిఫాల్ట్ బఫర్ 1408 కేబీ మాత్రమే. సెకనులో పదో వంతు గడిచేసరికి పాతవి కొట్టుకుపోతాయి, మీకు కావాల్సిన 4 సెకన్ల ఆగుడు అందులో ఉండదు.

అందుకని మూడు జాగ్రత్తలు. బఫర్_సైజ్_కేబీని 16384 చేయండి, ఇది సీపీయూకి అంత చొప్పున, 16 సీపీయూలుంటే 256 ఎంబీ పోతుంది. ట్రేస్_క్లాక్‌ను మోనో చేయండి. సర్వీసు లాగ్‌లో క్లాక్_మోనోటోనిక్ సమయం రాస్తే రెండూ నేరుగా సరిపోలతాయి. సర్వీసు కోడ్ మీ చేతిలో ఉంటే ఇంకా మేలు: ఎఫ్‌సింక్ 500 మిల్లీసెకన్లు దాటినప్పుడు ట్రేస్_మార్కర్ ఫైల్‌లోకి ఒక లైను రాయించండి, ఈవెంట్ల మధ్యలోనే ఆ గుర్తు పడుతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ట్రేస్ ఫలితాన్ని మీరు పరీక్షిస్తున్న డిస్క్ మీదే రాయొద్దు. ట్రేస్-సీఎండీ టూల్‌లోని రికార్డ్ కమాండ్ అవుట్‌పుట్ ఫైల్ పక్కనే సీపీయూకొక తాత్కాలిక ఫైల్ పెడుతుంది. ఆ రాత కూడా పేజ్ క్యాష్‌ను డర్టీ చేస్తుంది, అది కొత్త ఈవెంట్ పుట్టిస్తుంది, ఆ ఈవెంట్ మళ్లీ రాతకు దారితీస్తుంది. అవుట్‌పుట్‌ను మెమరీలోనే ఉండే /డెవ్/ఎస్‌హెచ్ఎం కిందికి మళ్లించండి. పని అయ్యాక పర్_సీపీయూ కింద ఉన్న స్టాట్స్ ఫైళ్లలో ఓవర్‌రన్ (కొట్టుకుపోయిన ఈవెంట్ల లెక్క) సున్నా ఉందో లేదో చూడండి. సున్నా కాకపోతే, ఈవెంట్ కనబడలేదు కాబట్టి జరగలేదు అని తేల్చెయ్యకండి.

డర్టీ చేస్తున్నది ఎవరు

ఈ ప్రశ్నకు ప్రతి ఈవెంట్‌నూ దాచుకోనక్కర్లేదు, కెర్నల్‌లోనే లెక్కపెట్టించవచ్చు. కెర్నల్ 4.7 నుంచి ఉన్న హిస్టోగ్రామ్ ట్రిగ్గర్ దీనికి సరిపోతుంది. రైట్‌బ్యాక్_డర్టీ_ఫోలియో ఫోల్డర్‌లోని ట్రిగ్గర్ ఫైల్‌లోకి ఈ లైను పంపండి:

హిస్ట్:కీస్=కామన్_పిడ్.ఎగ్జెక్‌నేమ్,ఐనో:సార్ట్=హిట్‌కౌంట్.డిసెండింగ్:సైజ్=4096 ఇఫ్ నేమ్=="8:0"

అర నిమిషం ఆగి అదే ఫోల్డర్‌లోని హిస్ట్ ఫైల్ చదివితే, ఏ ప్రోగ్రామ్ ఏ ఐనోడ్‌లో ఎన్నిసార్లు డర్టీ చేసిందో పెద్దది ముందుగా వస్తుంది. ఆఖర్లో డ్రాప్డ్ అన్న అంకె పెరిగితే సైజ్ పెంచండి. ఐనోడ్ నంబర్ నుంచి ఫైల్ పేరుకు ఫైండ్ -ఐనమ్ చాలు. అది పెద్ద డిస్క్‌ను మొత్తం తిరిగి అదనపు రీడ్‌లు పుట్టిస్తుంది కాబట్టి ట్రేస్ ఆగాకే చేయండి. ఈఎక్స్‌టీ4లో డీబగ్‌ఎఫ్‌ఎస్ టూల్‌లోని ఎన్‌చెక్ కూడా ఉంది.

ఇక్కడ పొరబడే చోట్లు మూడు. మొదటిది: శుభ్రంగా ఉన్న పేజీ డర్టీ అయినప్పుడే ఈ ఈవెంట్ వస్తుంది. అప్పటికే డర్టీగా ఉన్న పేజీ మీద వెయ్యిసార్లు రాసినా ఇంకొకటి రాదు. కనుక ఇది రాసిన బైట్ల లెక్క కాదు. రెండోది: ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో కెర్నల్ 5.18 నుంచి పెద్ద ఫోలియోలు (ఒకటిగా చూసే పేజీల గుంపులు) వచ్చాయి, ఒక ఈవెంట్ వెనక ఒకటికి బదులు అనేక పేజీలు ఉండొచ్చు. హిట్‌కౌంట్‌ను 4 కేబీతో గుణించి వచ్చిన అంకెను వీఎంస్టాట్‌లోని ఎన్ఆర్_డర్టీడ్‌తో ఒకసారి సరిచూసుకోండి. మూడోది: 8:0 అన్నది మొత్తం డిస్క్. మీ పార్టిషన్ 8:1 అయినా బీడీఐ పేరు 8:0గానే వస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లోనైతే ఈ అంకెలే ఉండవు, బీటీఆర్‌ఎఫ్‌ఎస్-1 లాంటి పేరు కనబడుతుంది.

ఫ్లషర్ ఎందుకు లేచింది

రైట్‌బ్యాక్_స్టార్ట్ ఆన్ చేసి రీజన్ అన్న ఫీల్డ్ చూడండి. బ్యాక్‌గ్రౌండ్ అంటే డర్టీ మొత్తం 4 జీబీ గీత దాటింది. పీరియాడిక్ అంటే 30 సెకన్ల వయసు దాటిన ఫైళ్లున్నాయి. సింక్ అంటే ఎవరో సింక్ కమాండో, సింక్‌ఎఫ్‌ఎస్సో పిలిచారు. వీఎంస్కాన్ అంటే మెమరీ వెనక్కి తెచ్చుకునే క్రమంలో లేపారు. ఇది తరచూ వస్తుంటే మీ సమస్య డిస్క్‌ది కాదు, మెమరీది. హిస్టోగ్రామ్‌లో రీజన్ అంకెగా వస్తుంది, ఏ అంకెకు ఏ పేరో అదే ఫోల్డర్‌లోని ఫార్మాట్ ఫైల్‌లో రాసి ఉంటుంది. కెర్నల్‌ను బట్టి అంకెలు మారాయి కాబట్టి బయటి పట్టికలు నమ్మకండి.

బ్యాక్‌గ్రౌండ్ పనిలో ఎన్ఆర్_పేజెస్ 9223372036854775807 అని కనబడితే కంగారు పడొద్దు, అది ‘గీత కిందికి దిగేదాకా రాయి’ అన్నదానికి గుర్తు. ఒకే పనిలో స్టార్ట్ ఈవెంట్ పదేపదే వస్తుంది కూడా, ఎన్ని స్టార్ట్‌లో అన్ని పనులని లెక్కకట్టకండి.

రీజన్ సింక్ అని వస్తే రైట్‌బ్యాక్_క్యూ ఈవెంట్ చూడండి. స్టార్ట్ ఈవెంట్ కేవర్కర్‌లో నడుస్తుంది, క్యూ ఈవెంట్ మాత్రం పిలిచినవాడి సందర్భంలో నడుస్తుంది, కాబట్టి ఆ లైను ముందు ఉన్న పేరే దోషి పేరు. బ్యాకప్ స్క్రిప్టుల చివర ‘ఎందుకైనా మంచిది’ అని వదిలేసిన సింక్ లైను చాలా చోట్ల ఉంటుంది. అది ఆ డిస్క్ ఒక్కదాన్నే కాదు, అన్ని ఫైల్ సిస్టమ్‌లనూ రాయిస్తుంది.

మీ సర్వీసు చేసే ఎఫ్‌సింక్ మాత్రం ఇక్కడ ఎక్కడా కనబడదు. అది ఫ్లషర్‌కి పని అప్పజెప్పదు. తన ఫైల్ పేజీల్ని తనే, తన సందర్భంలోనే డిస్క్‌కి పంపుతుంది. దానికి ఈఎక్స్‌టీ4_సింక్_ఫైల్_ఎంటర్, ఈఎక్స్‌టీ4_సింక్_ఫైల్_ఎగ్జిట్, మధ్యలో సింక్_మోడ్=1 ఉన్న ఈఎక్స్‌టీ4_రైట్‌పేజెస్ చూడాలి. ఎంటర్‌కీ ఎగ్జిట్‌కీ మధ్య ఎంత సమయం, అందులో ఈఎక్స్‌టీ4_రైట్‌పేజెస్_రిజల్ట్ వచ్చేసరికి ఎంత గడిచింది అన్నది రాసుకోండి. డేటా పంపడం 5 మిల్లీసెకన్లలో ముగిసి, ఎగ్జిట్ 3 సెకన్ల తర్వాత వస్తే డేటా పంపడంలో తప్పు లేదు, ఎదురుచూపు ఆ తర్వాతే ఉంది.

ఆపుతున్నది డర్టీ పరిమితేనా

బ్యాలెన్స్_డర్టీ_పేజెస్ ఈవెంట్ రాసేవాడి సందర్భంలోనే వస్తుంది. కాపీ ప్రోగ్రామ్‌కి వచ్చే లైను ఇలా ఉండొచ్చు (అంకెలు ఉదాహరణకు, కొన్ని ఫీల్డులు వదిలేశాను):

బీడీఐ 8:0: లిమిట్=2097152 సెట్‌పాయింట్=1835008 డర్టీ=1836544 టాస్క్_రేట్‌లిమిట్=122880 డర్టీడ్=4096 పాజ్డ్=0 పాజ్=92 పీరియడ్=133 థింక్=41

లిమిట్, సెట్‌పాయింట్, డర్టీ పేజీల్లో. రేట్‌లిమిట్ సెకనుకు కేబీల్లో. చివరి నాలుగూ మిల్లీసెకన్లలో. చదివే పద్ధతి: ఈ ప్రోగ్రామ్ కిందటి నిద్ర తర్వాత 4096 పేజీలు, అంటే 16 ఎంబీ డర్టీ చేసింది. దానికి అనుమతించిన వేగం సెకనుకు 120 ఎంబీ. ఆ లెక్కన 16 ఎంబీకి 133 మిల్లీసెకన్లు పట్టాలి. 41 తను రాసుకుంటూ గడిపేసింది, మిగిలిన 92 నిద్రపోవాలి. ఇది ఆరోగ్యంగా ఉన్న బ్రేకు. పాజ్ సున్నా గానీ, మైనస్ గానీ వస్తే ఆ లైనులో అసలు నిద్రే లేదు.

ఒక్క నిద్ర 200 మిల్లీసెకన్లకు మించదు. ఇది గుర్తుంటే సగం గందరగోళం తీరుతుంది. రైట్ 3 సెకన్లు ఆగిందంటే రెండే దారులు. డర్టీ లిమిట్‌ను తాకింది కాబట్టి టాస్క్_రేట్‌లిమిట్ సున్నా అయి, 200 తర్వాత 200 చొప్పున అదే చోట తిరుగుతోంది: అప్పుడు వరస లైన్లలో పాజ్డ్ విలువ 200, 400, 600 అని పెరుగుతూ వస్తుంది. లేదా ఆ రైట్ ఇక్కడ ఆగలేదు, మరెక్కడో ఆగింది. డర్టీ 6 జీబీ లోపే ఉన్నా రైట్ ఆగుతోందంటే ఖాయంగా రెండోదే, రేషియోలు ఎంత తిప్పినా లాభం ఉండదు.

మీ సర్వీసు చిన్న రికార్డులు రాస్తుంది కాబట్టి ఈ తనిఖీలోకి అరుదుగానే అడుగు పెడుతుంది. కొన్ని పేజీలు పోగయితేనే ప్రోగ్రామ్‌ను తనిఖీకి పిలుస్తారు. ‘అప్పుడప్పుడూ మామూలు రైట్ కూడా ఆగుతోంది’ అన్నదానికి ఇదొక వివరణ, కానీ రుజువు కాకుండా నమ్మొద్దు. దీన్ని తేల్చడానికి షెడ్ గుంపులోని షెడ్_స్విచ్ ఈవెంట్‌కి ఒక ట్రిగ్గర్ చాలు:

స్టాక్‌ట్రేస్ ఇఫ్ ప్రెవ్_స్టేట్ == 2 && ప్రెవ్_కామ్ == "మీ సర్వీసు పేరు"

2 అంటే డీ స్థితి, మధ్యలో లేపలేని నిద్ర. సర్వీసు అలా నిద్రలోకి జారిన ప్రతిసారీ కెర్నల్ ఫంక్షన్ల దొంతర ట్రేస్‌లో పడుతుంది. ప్రోగ్రామ్ పేరు 15 అక్షరాల దగ్గర తెగిపోతుంది, పూర్తి పేరు ఇస్తే ఏమీ పట్టదు. దొంతరలో బ్యాలెన్స్_డర్టీ_పేజెస్ ఉంటే బ్రేకు. జేబీడీ2_లాగ్_వెయిట్_కమిట్ ఉంటే ఎఫ్‌సింక్ జర్నల్ కమిట్ (పోగైన మార్పుల్ని ఒక గుంపుగా జర్నల్‌లో రాయడం) కోసం కూర్చుంది. స్టార్ట్_దిస్_హ్యాండిల్ కింద వెయిట్_ట్రాన్సాక్షన్_లాక్డ్ ఉంటే కమిట్ కోసం మూసిన జర్నల్ ట్రాన్సాక్షన్ (ఒక కమిట్‌లో వెళ్లే మార్పుల గుంపు) వల్ల రైట్ బయటే ఆగింది. ఫోలియో_వెయిట్_రైట్‌బ్యాక్ ఉంటే ఆ పేజీ ఇప్పటికే డిస్క్‌కి వెళ్తోంది, అది తిరిగొచ్చేదాకా ఆగాలి. ఫైల్ చివర చేర్చే ప్రోగ్రాముల్లో ఆఖరి పేజీ మీద ఇది తరచూ వస్తుంది.

జర్నల్

మీరు చెప్పిన లక్షణాల్ని బట్టి నా అనుమానం ఎక్కువగా ఇటే. కాబట్టి జేబీడీ2_రన్_స్టాట్స్ అనే ఈవెంట్‌ను వదలొద్దు. ప్రతి కమిట్‌కీ ఒకే లైను, ఖర్చు లేదు, రోజంతా ఆన్‌లో ఉంచొచ్చు. అందులో రన్నింగ్, లాక్డ్, ఫ్లషింగ్, లాగింగ్ అని నాలుగు దశల సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది. ఫిల్టర్ పెట్టాలంటే డివైస్‌ను ఒక్క అంకెగా ఇవ్వాలి: 8:1కి 8ని 1048576తో గుణించి 1 కలిపితే 8388609.

రన్నింగ్ ఎక్కువుంటే పట్టించుకోకండి, డిఫాల్ట్ కమిట్ గడువే 5 సెకన్లు. ఎఫ్‌సింక్ తరచూ వస్తుంటే ఇది దానంతటదే తగ్గుతుంది.

లాక్డ్ ఎక్కువుంటే: కమిట్ తలుపు మూసింది, లోపల ఇంకా ఎవరో హ్యాండిల్ (ఆ ట్రాన్సాక్షన్‌లో మార్పులు చేసే అనుమతి) పట్టుకుని బయటికి రాలేదు. ఈలోగా కొత్తగా వచ్చేవాళ్లంతా గుమ్మం బయట నిలబడతారు. మామూలు రైట్ ఆగేది ఈ సమయంలోనే. హ్యాండిల్ పట్టుకున్నవాడు ఏం చేస్తున్నాడో చూడాలంటే జేబీడీ2_హ్యాండిల్_స్టాట్స్‌లో ఇంటర్వల్ ఎక్కువున్న లైన్లు వెతకండి. పెద్ద ఫైల్‌కి బ్లాకులు కేటాయిస్తూ, ఏ బ్లాకులు ఖాళీయో చెప్పే బిట్‌మ్యాప్ డిస్క్ నుంచి రావడానికి ఎదురుచూస్తున్న ఫ్లషరే అక్కడ దొరకడం మామూలు. నిండిపోయిన, ముక్కలు ముక్కలైన డిస్క్‌లో ఇది బాగా ముదురుతుంది.

ఫ్లషింగ్ ఎక్కువుంటే: డేటా=ఆర్డర్డ్ పద్ధతిలో, ఆ ట్రాన్సాక్షన్‌లో కొత్తగా బ్లాకులు పొందిన ఫైళ్ల డేటా డిస్క్‌కి చేరేదాకా కమిట్ ఆగుతుంది. మీ 200 బైట్ల రికార్డు కోసం బ్యాకప్ ఫైల్ వందల ఎంబీలు పోసేదాకా ఆగాలన్నమాట. ‘ఈఎక్స్‌టీ4లో ఎఫ్‌సింక్ అంటే పక్కవాడి డేటా కూడా’ అని చెప్పుకునేది దీన్నే. అయితే ఈ మాట ఇప్పుడు గుడ్డిగా చెల్లదు. 5.6 నుంచి డీఐఓరీడ్_నోలాక్ డిఫాల్ట్ అయింది. దానితో కొత్త బ్లాకులు ముందు ‘రాయనివి’ అన్న గుర్తుతో కేటాయించి, డేటా చేరాక మారుస్తారు. అలాంటి ఫైళ్ల కోసం కమిట్ ఆగనక్కర్లేదు. కొత్త కెర్నల్‌లో కూడా ఫ్లషింగ్ వందల మిల్లీసెకన్లు చూపిస్తే మౌంట్ ఆప్షన్లు చూడండి: ఎవరో డీఐఓరీడ్_లాక్ గానీ నోడెల్అలాక్ గానీ పెట్టి ఉండొచ్చు. పాత 4.x, 5.4 కెర్నల్‌తో నడిచే సర్వర్లలో మాత్రం ఈ దశే మొదటి అనుమానితుడు.

లాగింగ్ ఎక్కువుంటే: జర్నల్ బ్లాకులు రాయడం, ఆ తర్వాత డిస్క్ లోపలి క్యాష్‌ను ఖాళీ చేయించడం నెమ్మదిగా ఉంది. మీ యంత్రంలో కొత్త కెర్నల్ ఉంటే ఎక్కువగా దొరికేది ఇది. బ్లాక్_ఆర్‌క్యూ_ఇష్యూ, బ్లాక్_ఆర్‌క్యూ_కంప్లీట్ ఆన్ చేసి, రైట్ రకం చెప్పే అక్షరాల్లో ‘ఎఫ్‌ఎఫ్’ ఉన్న లైన్లు ఏరండి. అదే క్యాష్ ఖాళీ చేయమన్న ఆదేశం. ఇష్యూకీ కంప్లీట్‌కీ మధ్య తేడా ఎంతో అదే దాని ఖర్చు. అంతకు ముందు ఫ్లషర్ పంపిన రైట్‌లన్నీ డిస్క్ తన క్యాష్‌లో పెట్టుకుని ‘అయిపోయింది’ అని చెప్పి ఉంటుంది. ఇప్పుడు వాటినన్నిటినీ నిజంగా ప్లాటర్ మీద రాశాకే ఈ ఆదేశం పూర్తవుతుంది. ఫ్లష్‌ను ఆపేయడానికి నోబారియర్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. కరెంటు పోతే జర్నల్ చెడుతుంది, బ్యాటరీ ఉన్న కంట్రోలర్ లేకుండా దాని జోలికి పోవద్దు.

బ్లాక్ పొరలో ఇంకొక మాట. 4.10 నుంచి ఉన్న రైట్‌బ్యాక్ థ్రాట్లింగ్ వెనకాల రైట్‌ల లోతును తగ్గిస్తుంది. డిస్క్ క్యూ ఫోల్డర్‌లో డబ్ల్యూబీటీ_ల్యాట్_యూసెక్ చూడండి: తిరిగే డిస్క్‌కి డిఫాల్ట్ 75000, ఎస్ఎస్‌డీకి 2000. సున్నా ఉంటే ఆపేసి ఉంది. బీఎఫ్‌క్యూ షెడ్యూలర్ వాడితే ఇది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. కేవర్కర్ దొంతరలో డబ్ల్యూబీటీ_వెయిట్ కనబడితే అది లోపం కాదు, ఆ పనికే పెట్టారు.

దొరికాక

బ్రేకు గానీ, లాగింగ్ గానీ కారణమని తేలితే డర్టీ గుట్ట చిన్నదైతే మేలు. శాతాలు వదిలి బైట్లలో ఇవ్వండి. డిస్క్ 2 సెకన్లలో రాయగలిగినంత బ్యాక్‌గ్రౌండ్ గీతగా పెట్టడం మంచి ఆరంభం: డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_బైట్స్ 268435456, డర్టీ_బైట్స్ 1073741824. బైట్స్ రాయగానే ఆయా రేషియో సున్నా అవుతుంది, అది మామూలే. కానీ ఈ మార్పు యంత్రం మొత్తానికి. అదే సర్వర్‌లో వేగమైన ఎన్‌వీఎంఈ డిస్క్ కూడా ఉంటే దాని మీద రాసేవాళ్లకూ 1 జీబీ దగ్గరే బ్రేకు పడుతుంది. అప్పుడు /సిస్/క్లాస్/బీడీఐ/8:0 కింద మ్యాక్స్_రేషియో తగ్గించండి. 6.2 నుంచి మ్యాక్స్_బైట్స్, స్ట్రిక్ట్_లిమిట్ కూడా వచ్చాయి. స్ట్రిక్ట్_లిమిట్ 1 చేయకపోతే మొత్తం డర్టీ తక్కువ ఉన్నంతసేపూ ఆ డిస్క్ పరిమితిని కెర్నల్ గట్టిగా పట్టించుకోదు.

నాకు ఎక్కువ నచ్చే దారి బ్యాకప్‌నే కట్టేయడం. సీగ్రూప్ వీ2లో (ప్రోగ్రాముల గుంపులకు విడివిడిగా పరిమితులు పెట్టే కెర్నల్ సదుపాయంలో), మెమరీ, ఐఓ కంట్రోలర్లు రెండూ ఆన్‌లో ఉంటే, ఈఎక్స్‌టీ4లో డర్టీ పరిమితి సీగ్రూప్ వారీగా లెక్కవుతుంది. సిస్టమ్‌డీ-రన్‌తో మెమరీహై=1జీ పెట్టి బ్యాకప్‌ను నడిపితే, 20 శాతం లెక్కన దాని డర్టీ 200 ఎంబీ దరిదాపుల్లోనే ఆగుతుంది, మీ సర్వీసుకి తగలదు. ట్రేస్‌లో సీగ్రూప్_ఐనో అన్న ఫీల్డ్ వేరే అంకె చూపిస్తే అది నిజంగా విడిపోయినట్టు లెక్క. ఐఓ.మ్యాక్స్‌తో రైట్ వేగాన్ని బిగించడం మాత్రం ఫ్లషింగ్ దశ ఎక్కువున్న యంత్రాల్లో చేయొద్దు. బిగించిన డేటా కోసం కమిట్ ఆగుతుంది, కమిట్ కోసం అందరూ ఆగుతారు, ఉన్న రోగం ముదురుతుంది.

లాక్డ్ దశే కారణమైతే పై మార్పులు కొంతవరకే ఆదుకుంటాయి. సర్వీసు ఫైల్‌ను వేరే ఫైల్ సిస్టమ్‌కి మార్చడమే సరైన మందు, ఎందుకంటే జర్నల్ ఫైల్ సిస్టమ్‌కి ఒకటే. అదే డిస్క్ మీద ఇంకో పార్టిషన్ అయినా లాక్ సమస్య పోతుంది, డిస్క్ క్యూ, ఫ్లష్ సమస్య మిగులుతుంది. వేరే డిస్క్ అయితే రెండూ పోతాయి. డర్టీ_రైట్‌బ్యాక్_సెంటిసెక్స్‌ను సున్నా చేయొద్దు, సమయాన్ని బట్టి రాయడం పూర్తిగా ఆగిపోతుంది. డ్రాప్_క్యాషెస్ కూడా దీనికి పనికిరాదు, అది డర్టీ పేజీల జోలికి వెళ్లదు.

మార్పు చేశాక జేబీడీ2_రన్_స్టాట్స్, ఈఎక్స్‌టీ4_సింక్_ఫైల్ జంట మాత్రం ఆన్‌లో ఉంచి, అదే బ్యాకప్‌ను మళ్లీ నడిపి చూడండి. ఫైల్‌మ్యాప్ గుంపులోని ఫైల్‌మ్యాప్_సెట్_డబ్ల్యూబీ_ఎర్ర్ కూడా జత చేయండి. వెనకాల రాత విఫలమైతే ఆ క్షణంలోనే ఐనోడ్ నంబర్‌తో సహా తెలుస్తుంది. ఎఫ్‌సింక్ ఒకసారి ఎర్రర్ ఇచ్చాక మళ్లీ పిలిస్తే సరే అనొచ్చు, కానీ పేజీ ‘శుభ్రం’ అయిపోయి డేటా డిస్క్‌కి చేరకుండా ఉండొచ్చు, మీ సర్వీసు కోడ్‌లో మళ్లీ ప్రయత్నించే లూప్ ఉంటే దాన్ని తీసేయాలి.

అన్నీ అయ్యాక ట్రిగ్గర్లు తీసేయండి. పెట్టిన లైనునే ముందు ఆశ్చర్యార్థకం చేర్చి అదే ట్రిగ్గర్ ఫైల్‌లోకి పంపితే పోతుంది. ఈవెంట్స్ ఫోల్డర్‌లోని ఎనేబుల్ ఫైల్‌లోకి సున్నా రాస్తే ఈవెంట్లు ఆగుతాయి గానీ ట్రిగ్గర్లు ఆగవు, షెడ్_స్విచ్ మీద మర్చిపోయిన స్టాక్‌ట్రేస్ అలాగే నడుస్తూ సీపీయూ తింటుంది. బఫర్_సైజ్_కేబీని కూడా వెనక్కి 1408 చేయండి.